టాల్‌స్టాయ్ జయంతి ఉత్సవాలు: 1908 నుంచి ద్విశతజయంతి దాకా

రష్యన్ నవలాకారుడు లియో టాల్‌స్టాయ్ (1828–1910) జయంతిని దేశదేశాల్లో జరుపుకోవడం ఆయన బతికుండగానే మొదలైంది. 1908లో ఎనభయ్యో పుట్టినరోజు, 1928లో శతజయంతి, 1978లో నూటయాభయ్యో జయంతి ఇందులో ప్రధాన ఘట్టాలు. 2028 సెప్టెంబరుకు ఆయన పుట్టి రెండు వందల ఏళ్లు నిండుతాయి. ‘యుద్ధము–శాంతి’, ‘అన్నా కరేనినా’, ‘పునరుత్థానం’ నవలలు రాసినందుకు కొందరూ, హింసకు హింస జవాబు కాదన్నందుకు కొందరూ, భూస్వామ్య రష్యాను ఉన్నదున్నట్టు చూపించినందుకు కొందరూ ఆయన్ను తలుచుకున్నారు. ఎవరికి కావలసిన టాల్‌స్టాయ్‌ని వాళ్లు తీసుకుని, పొసగని భాగాన్ని పక్కన పెట్టడం ఈ ఉత్సవాలన్నిటా కనిపిస్తుంది. వేదికల మీది ప్రసంగాలు మరుసటి వారానికే పాతబడ్డాయి. ఆ సందర్భంగా అచ్చయిన పుస్తకాలు మాత్రం వందేళ్లుగా పనికొస్తున్నాయి.

తేదీ సంగతి

మాస్కోకు దక్షిణాన తులా పట్టణం దగ్గరున్న యాస్నయా పొల్యానా టాల్‌స్టాయ్ కుటుంబ ఎస్టేటు. పాత రష్యన్ క్యాలెండరు ప్రకారం 1828 ఆగస్టు 28న ఆయన అక్కడ పుట్టారు. ఇప్పటి లెక్కలో అది సెప్టెంబరు 9. పాత, కొత్త క్యాలెండర్ల మధ్య తేడా పందొమ్మిదో శతాబ్దంలో 12 రోజులు, ఇరవయ్యో శతాబ్దంలో 13 రోజులు. అందువల్ల 1928 నాటి శతజయంతి సభలు సెప్టెంబరు 10న జరిగాయి. ఆనాటి పత్రికల్లో ఒక తేదీ, ఈనాటి పుస్తకాల్లో మరో తేదీ కనిపించడానికి కారణం ఇదే. టాల్‌స్టాయ్‌కి 28 అంకె మీద గురి ఉండేది. 28వ సంవత్సరంలో 28వ తేదీన పుట్టిన ఆయన, 1910లో ఇల్లు విడిచి వెళ్లిన రాత్రి కూడా పాత లెక్కలో అక్టోబరు 28.

వద్దన్నా ఆగని ఎనభయ్యో పుట్టినరోజు

1908 మొదట్లో రష్యాలో ఉత్సవ సంఘం ఏర్పడింది. రచయితలు, ప్రొఫెసర్లు, పత్రికల వాళ్లు విరాళాలు, సభలు, ప్రత్యేక సంచికలు అంటూ హడావిడి మొదలుపెట్టారు. 1901లోనే రష్యన్ చర్చి టాల్‌స్టాయ్ తన సభ్యుడు కాడని ప్రకటించింది. అలాంటి మనిషికి దేశమంతా పండగ చేస్తే తమ మనసు నొచ్చుకుంటుందని ఒక వృద్ధురాలైన భక్తురాలు ఆయన భార్యకు ఉత్తరం రాశారు. ఆ ఉత్తరం టాల్‌స్టాయ్‌ని కదిలించింది. ఏర్పాట్లు మానుకోండని సంఘంలో ఉన్న తన మిత్రుడు స్తఖోవిచ్‌కి రాశారు. నలుగురి మనసు నొప్పించే పండగ తనకొద్దన్నారు.

ఆ ఏడాదే ఆయన రాసిన మరో ఉత్తరం ఇంకా ముఖ్యమైనది. టాల్‌స్టాయ్‌కి సరైన సన్మానం జైలేనని బద్యాన్‌స్కీ అనే అభిమాని అన్నాడు. ఆ మాటతో టాల్‌స్టాయ్ మనస్ఫూర్తిగా ఏకీభవించారు. చలీ ఆకలీ దుర్గంధమూ ఉన్న అసలైన జైల్లో తనను పెడితే అంతకు మించిన తృప్తి లేదని జవాబు రాశారు. ఇందులో వేళాకోళం లేదు. తన నిషిద్ధ రచనలు పంచినందుకు, చదివినందుకు మామూలు మనుషులను పట్టుకుపోతుంటే, వాటిని రాసిన తనను ప్రభుత్వం ముట్టుకోకపోవడం ఆయనకు సిగ్గుగా ఉండేది. ఆయన కార్యదర్శి నికొలాయ్ గూసెవ్‌ని 1907లో జైల్లో పెట్టారు, 1909లో ప్రవాసం పంపారు. 1908 మే నెలలో రైతులను ఉరి తీసిన వార్త పత్రికలో చూసి టాల్‌స్టాయ్ ‘నేను మౌనంగా ఉండలేను’ అనే వ్యాసం రాశారు. జూలైలో దాన్ని ముక్కలుగా వేసుకున్న రష్యన్ పత్రికల మీద జరిమానాలు పడ్డాయి. ఉరితాళ్ల మాటతో ఇల్లంతా బరువెక్కిన ఆ వేసవిలో పుట్టినరోజు పండగ ఆయనకెలా రుచిస్తుంది?

ప్రభుత్వం తన వంతుగా సభలకు అడ్డుకట్టలు వేసింది. పుట్టినరోజుకు కొద్ది రోజుల ముందు చర్చి పెద్దల సభ అయిన సినడ్, విశ్వాసులు ఈ ఉత్సవాల్లో పాల్గొనవద్దని చాటింది. అయినా ఆ రోజు యాస్నయా పొల్యానాకు టెలిగ్రాములు గుట్టలుగా వచ్చిపడ్డాయి. ఇంగ్లండు రచయితలు, మేధావులు సంతకాలు చేసిన అభినందన పత్రాన్ని లండన్ లైబ్రరీ గ్రంథపాలకుడు చార్లెస్ హ్యాగ్‌బర్గ్ రైట్ స్వయంగా తీసుకొచ్చి అందజేశారు. కాలి జబ్బుతో టాల్‌స్టాయ్ ఆ రోజుల్లో చక్రాల కుర్చీలోనే ఉన్నారు.

వచ్చిన కానుకలను చూస్తే ఆయన్ను చదివిందెవరో తెలుస్తుంది. పీటర్స్‌బర్గులో ఒక నాటకశాల దగ్గర వడ్డన పని చేసేవాళ్లు తలా కొంత వేసుకుని సమోవార్ పంపించారు. పెద్దపెద్ద సంస్థల కానుకలకన్నా ఇదే విలువైనదని నాకనిపిస్తుంది. ఒక మిఠాయి కంపెనీ ఊరి పిల్లలకు పంచమని చాక్లెట్లు పంపింది. ఒక సిగరెట్ కంపెనీ టాల్‌స్టాయ్ బొమ్మ వేసిన సిగరెట్లు పంపితే, పొగతాగడం తప్పని రాసిన ఆయన వాటిని మర్యాదగా తిప్పి పంపారు. అమెరికా నుంచి థామస్ ఎడిసన్ కానుకగా పంపిన ఫోనోగ్రాఫు ఆ ఏడాది మొదట్లోనే చేరింది. అందులో ఆయన గొంతు రికార్డయింది. మే నెలలో ఫొటోగ్రాఫర్ ప్రొకూదిన్-గోర్‌స్కీ యాస్నయా పొల్యానా వచ్చి రంగుల ఫొటో తీశారు. ఆరుబయట కుర్చీలో, నీలం చొక్కాలో, బూట్లతో కూర్చున్న టాల్‌స్టాయ్ బొమ్మగా ఈనాటికీ అందరూ చూసేది దాన్నే. ఆగస్టులో ద్రన్‌కోవ్ కెమెరాతో వచ్చి ఆయన్ను సినిమా తీశారు. ఒక నవలాకారుడి పుట్టినరోజు గొంతుగా, రంగుగా, కదిలే బొమ్మగా భద్రపడడానికి అవకాశమున్న తొలి రోజులవి.

ఆ ఏడాదే లెనిన్ టాల్‌స్టాయ్‌ని రష్యన్ విప్లవానికి అద్దంగా చూపిస్తూ వ్యాసం రాశారు. నవలాకారుడు గొప్పవాడు, బోధకుడు పనికిరాడు అన్న విభజన అందులో ఉంది. ఇరవై ఏళ్ల తర్వాత సోవియట్ ప్రభుత్వం శతజయంతిని నడిపింది ఈ విభజన మీదే. ఆ డిసెంబరులో టాల్‌స్టాయ్, అమెరికా ఖండంలో ఉన్న భారతీయ విప్లవకారుడు తారక్‌నాథ్ దాస్‌కు జవాబుగా ‘ఒక హిందువుకు లేఖ’ పూర్తిచేశారు. దక్షిణాఫ్రికాలో ఉన్న గాంధీజీ దాన్ని గుజరాతీలోకి అనువదించి తన పత్రికలో వేశారు. ఇద్దరి మధ్య ఉత్తరాలు నడిచాయి. టాల్‌స్టాయ్ చివరి పెద్ద ఉత్తరాల్లో ఒకటి 1910 సెప్టెంబరులో గాంధీజీకి రాసిందే.

1928: మాస్కోలో

శతజయంతి నాటికి జారు చక్రవర్తి లేడు, సినడ్ లేదు. నిషేధించిన ప్రభుత్వం స్థానంలో ఉత్సవం తానే నడిపే ప్రభుత్వం వచ్చింది. 1928 సెప్టెంబరు 10 రాత్రి మాస్కోలోని బొల్షోయ్ థియేటర్లో విద్యామంత్రి లునచార్‌స్కీ ఆధ్వర్యంలో పెద్ద సభ జరిగింది. విదేశీ రచయితలను ఆహ్వానించారు. ఆస్ట్రియా నుంచి వచ్చిన స్టెఫాన్ జ్వైగ్ ఆ రోజుల గురించి తన ఆత్మకథ ‘నిన్నటి ప్రపంచం’లో వివరంగా రాశారు. సందర్భం రాజకీయం కాదు, టాల్‌స్టాయ్ కాబట్టే తాను వెళ్లానని చెప్పుకున్నారు.

జ్వైగ్ రాసిన వాటిలో రెండు సంగతులు మరిచిపోలేనివి. ఒకరోజు గదికి తిరిగొచ్చాక ఆయన కోటు జేబులో ఎవరో పెట్టిన ఫ్రెంచి ఉత్తరం దొరికింది. సంతకం లేదు. మీకు చూపిస్తున్నదంతా నమ్మవద్దు, మీతో మాట్లాడేవాళ్లు మనసు విప్పి మాట్లాడలేరు, మీ ఫోను కూడా వింటున్నారు అన్న హెచ్చరిక అందులో ఉంది. చదివాక కాల్చేయమని కూడా ఉంది. రాసిందెవరో చివరిదాకా తెలియలేదు. రెండోది సమాధి. యాస్నయా పొల్యానా అడవిలో ఒక లోయ అంచున, చెట్ల కింద, పచ్చగడ్డి కప్పిన మట్టిదిబ్బ. శిలువ లేదు, రాయి లేదు, పేరు లేదు. లోకంలోని సుఖానికి కిటుకు రాసిన పచ్చకర్ర అక్కడ పాతి ఉందని చిన్నప్పుడు అన్న నికొలాయ్ చెప్పాడు కనుక తనను అక్కడే పెట్టమన్నారు టాల్‌స్టాయ్. రష్యాలో తాను చూసిన వాటన్నిటిలోకీ గొప్పది ఆ సమాధేనని జ్వైగ్ రాశారు.

యాస్నయా పొల్యానా 1921లో ప్రభుత్వ మ్యూజియం అయింది. దాన్ని చూసుకున్నది టాల్‌స్టాయ్ చిన్న కూతురు అలెగ్జాండ్రా. శతజయంతి సందర్భంగా ఆ ఊళ్లో రాతి కట్టడంగా కొత్త బడి వెలిసింది. రైతుబిడ్డలకు స్వయంగా అక్షరాలు దిద్దించిన టాల్‌స్టాయ్‌కి అది తగిన జ్ఞాపకం. కానీ ఆ బడిలో మతవ్యతిరేక ప్రచారం చేయాలన్న ఒత్తిడితో ఆమె వేగలేకపోయింది. 1929లో ఉపన్యాసాల పేరుతో జపాన్ వెళ్లి, తిరిగి రాలేదు. తర్వాత అమెరికా చేరి, 1939లో శరణార్థుల కోసం టాల్‌స్టాయ్ ఫౌండేషన్ నెలకొల్పింది.

రష్యాలోనే ఉండిపోయిన టాల్‌స్టాయ్ అనుచరుల గతి ఇంకా కఠినం. మాస్కో శాకాహార సంఘాన్ని 1929లో మూసేశారు. తుపాకీ పట్టబోమన్న రైతులు, కూలీలు కలిసి నడిపిన ‘జీవితమూ శ్రమా’ అనే సమష్టి క్షేత్రం 1931లో సైబీరియాకు తరలిపోవలసి వచ్చింది. తర్వాతి సంవత్సరాల్లో వాళ్లలో చాలామంది అరెస్టయ్యారు. నవలలకు పూలదండలు వేసిన ప్రభుత్వమే ఆ నవలల రచయిత చెప్పినట్టు బతకబోయిన వాళ్లను జైల్లో పెట్టింది. శతజయంతి గురించి ఎవరు రాసినా ఈ సంగతి వదిలేయకూడదు.

సబర్మతిలో, లండన్‌లో, మ్యూనిక్‌లో

అదే సెప్టెంబరు 10న అహ్మదాబాదులోని సబర్మతి ఆశ్రమంలో గాంధీజీ టాల్‌స్టాయ్ శతజయంతి ప్రసంగం చేశారు. మాస్కో సభకున్న హంగు దీనికి లేదు. అయినా ఆ ఏడాది టాల్‌స్టాయ్ మీద వచ్చిన మాటల్లో ఇంతటి సూటిదనం ఉన్నవి తక్కువ. తన జీవితాన్ని మలిచిన ముగ్గురు ఆధునికుల్లో జైన చింతకుడు రాయచంద్‌భాయ్ తర్వాత టాల్‌స్టాయ్‌ని, ఆ తర్వాత ఇంగ్లీషు రచయిత రస్కిన్‌ని చెప్పారు. ఒకప్పుడు తనకు హింస మీద నమ్మకం ఉండేదనీ, ‘దేవుని రాజ్యం నీలోనే ఉంది’ పుస్తకం చదివాక అది పోయిందనీ ఒప్పుకున్నారు. నవలల ఊసు దాదాపు లేదు. ఒంటి చెమటతో తిండి సంపాదించుకోవాలన్న సూత్రం, మాటకూ చేతకూ తేడా లేకుండా బతకాలన్న తపన, ఇవే ఆయన ఎత్తి చూపిన గుణాలు. మాస్కో పక్కన పెట్టిన టాల్‌స్టాయ్‌నే సబర్మతి ముందుకు తెచ్చింది.

దీనికి నేపథ్యం 1910లో జోహానెస్‌బర్గ్ దగ్గర ఏర్పడిన టాల్‌స్టాయ్ క్షేత్రం. గాంధీజీ మిత్రుడు హెర్మన్ కాలెన్‌బాక్ కొని ఇచ్చిన 1,100 ఎకరాల తోటలో సత్యాగ్రహుల కుటుంబాలు కాపురం పెట్టాయి. అక్కడ ఉన్నవాళ్లలో గుజరాతీలు, తమిళులు, ఉత్తరాది వాళ్లతో పాటు ఆంధ్రదేశం వాళ్లు కూడా ఉన్నారని గాంధీజీ తన దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో రాశారు. అంటే, టాల్‌స్టాయ్ పేరు పెట్టుకున్న నేలలో గుంట తవ్వి, చెట్టు నాటి, రొట్టె కాల్చుకున్న చేతుల్లో తెలుగు చేతులూ ఉన్నాయి. వాళ్ల పేర్లు చరిత్ర పుస్తకాల్లోకి ఎక్కినా ఎక్కకపోయినా, తెలుగువాళ్లకు టాల్‌స్టాయ్‌తో సంబంధం పుస్తకాలతోనే కాదు, కాయకష్టంతోనూ ముడిపడిందన్నది నిజం.

ఇంగ్లండులో శతజయంతి పుస్తకాల రూపం దాల్చింది. టాల్‌స్టాయ్‌ని స్వయంగా ఎరిగిన లూయీస్, ఐల్మర్ మాడ్ దంపతుల అనువాదాలతో ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ ప్రెస్ 1928లో శతజయంతి ముద్రణ మొదలుపెట్టి, 1937 నాటికి 21 సంపుటాలు తెచ్చింది. జర్మనీలో మ్యూనిక్‌లో నివసిస్తున్న రచయిత థామస్ మాన్ ఆ ఏడాది శతజయంతి వ్యాసం రాశారు. ఆయన చూపు నవలాకారుడి శక్తి మీద నిలిచింది.

తొంభై సంపుటాలు

1928 ఉత్సవాల్లో అన్నిటికన్నా పెద్ద పని మాస్కోలోనే జరిగింది. టాల్‌స్టాయ్ రాసిన ప్రతి అక్షరాన్నీ అచ్చు వేయాలని నిర్ణయించి ఆ ఏడాది మొదలుపెట్టిన సంపూర్ణ రచనలను రష్యాలో ‘జయంతి ముద్రణ’ అనే పిలుస్తారు. 90 సంపుటాలు. చివరిది వచ్చేసరికి 1958 అయింది. ముప్పై ఏళ్ల పని! మొదటి 45 సంపుటాల్లో రచనలు, తర్వాత 13 సంపుటాల్లో దినచర్యలు, ఆ తర్వాత 31 సంపుటాల్లో ఉత్తరాలు, తొంభయ్యో దాంట్లో మిగిలిపోయినవి. ప్రధాన సంపాదకుడు వ్లదీమిర్ చెర్త్‌కోవ్. టాల్‌స్టాయ్‌కి అత్యంత సన్నిహితుడైన శిష్యుడు. ఆయన 1936లో పోయాక మిగతా పండితులు పనిని కొనసాగించారు. మధ్యలో అరెస్టులు వచ్చాయి, యుద్ధం వచ్చింది.

సెన్సారు కఠినంగా ఉన్న కాలంలో, హింసను ధిక్కరించే ఉత్తరాలూ రాజ్యాన్ని తప్పుపట్టే వ్యాసాలూ ఈ సంపుటాల్లో అచ్చయ్యాయి. ఒక్కో సంపుటం కొద్ది వేల ప్రతులే వేశారు. మామూలు పాఠకుడి చేతికి చేరలేదు గానీ గ్రంథాలయాల్లో భద్రంగా నిలిచింది. టాల్‌స్టాయ్ 1891లోనే, 1881 తర్వాత రాసిన తన రచనల మీద హక్కులు వదులుకుంటున్నానని ప్రకటించారు. ఆ మాటను సంపాదకులు నిలబెట్టారు. ప్రతి సంపుటం ముందు పేజీల్లో, ఎవరైనా డబ్బు కట్టకుండా పునర్ముద్రించుకోవచ్చని రష్యన్‌లోనూ ఫ్రెంచిలోనూ ఒక వాక్యం ఉంటుంది. అన్ని దేశాలకూ ఆ అనుమతి వర్తిస్తుంది. ఈ శతజయంతి మొత్తంలో టాల్‌స్టాయ్ మనసుకు నచ్చే పని ఏదైనా జరిగిందంటే అది ఆ ఒక్క వాక్యం.

యుద్ధం, ఆ తర్వాత

1941 అక్టోబరు చివర జర్మన్ సైన్యం యాస్నయా పొల్యానాను ఆక్రమించి 45 రోజులు అక్కడే ఉంది. టాల్‌స్టాయ్ సమాధి చుట్టూ తమ సైనికులను పాతిపెట్టింది. వెళ్లిపోతూ ఇంటికి నిప్పు పెట్టింది. ఊరివాళ్లు, మ్యూజియం సిబ్బంది మంటలార్పారు. విలువైన వస్తువులను ముందే తరలించారు కనుక, మరుసటి ఏడాదే మ్యూజియం మళ్లీ తెరుచుకుంది.

1978లో నూటయాభయ్యో జయంతికి యాస్నయా పొల్యానా మ్యూజియానికి సోవియట్ ప్రభుత్వం లెనిన్ పతకం ఇచ్చింది. 22 సంపుటాల కొత్త ముద్రణ ఆ ఏడాదే మొదలైంది. సోవియట్ యూనియన్, భారతదేశం తపాలా బిళ్ళలు వేశాయి. ఇంతకన్నా చెప్పుకోదగ్గది మరొకటి ఉంది. అంతకు యాభై ఏళ్ల క్రితం శతజయంతిని దగ్గరుండి చూసి, దేశం విడిచి వెళ్లాక ద్రోహిగా ముద్రపడిన అలెగ్జాండ్రాను ఈసారి మాస్కోకు ఆహ్వానించారు. అప్పటికి ఆమెకు 94 ఏళ్లు. మంచం పట్టి ఉండడంతో వెళ్లలేకపోయింది. మరుసటి ఏడాది అమెరికాలో కన్నుమూసింది.

సోవియట్ యూనియన్ పోయాక ఉత్సవాల తీరు మారింది. ముని మనవడి కొడుకు వ్లదీమిర్ టాల్‌స్టాయ్ 1994లో యాస్నయా పొల్యానా మ్యూజియం బాధ్యత తీసుకున్నారు. రష్యాలోనూ యూరపులోనూ అమెరికాలోనూ చెదిరిపోయిన వంశస్థులు అక్కడ కలుసుకోవడం మొదలైంది. 2003 నుంచి యాస్నయా పొల్యానా పేరుతో సాహిత్య పురస్కారం ఇస్తున్నారు. 2013లో, 185వ జయంతి ఏడాదిలో, 90 సంపుటాలనూ కంప్యూటర్లోకి ఎక్కించి, అచ్చుతప్పులు సరిచూడమని పాఠకులను పిలిచారు. మూడు వేలకు పైగా స్వచ్ఛంద పాఠకులు ముందుకొచ్చి, రెండు వారాల్లోనే మొదటి సారి చదివేశారు. ఒకప్పుడు కొద్ది గ్రంథాలయాల బీరువాల్లో ఉన్న జయంతి ముద్రణ ఆ తర్వాత ఎవరైనా ఉచితంగా చదువుకునేలా నెట్‌లోకి వచ్చింది. 2015 డిసెంబరులో ‘యుద్ధము–శాంతి’ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా నాలుగు రోజుల పాటు 1,300 మంది వంతులవారీగా పైకి చదివారు. రష్యన్ టెలివిజన్, రేడియో దాన్ని ప్రసారం చేశాయి.

తెలుగులో టాల్‌స్టాయ్

తెలుగు పాఠకులకు టాల్‌స్టాయ్ రెండు దారుల్లో వచ్చారు. మొదటిది గాంధీజీ దారి. స్వాతంత్ర్యోద్యమ కాలంలో ఆయన చిన్న కథలూ నీతి వ్యాసాలూ ఇంగ్లీషు మీదుగా తెలుగులోకి వచ్చాయి. రెండోది మాస్కో దారి. ప్రగతి, తర్వాత రాదుగ ప్రచురణాలయాల్లో ఉప్పల లక్ష్మణరావు, రాచమల్లు రామచంద్రారెడ్డి లాంటివాళ్లు ఏళ్ల తరబడి కూర్చుని రష్యన్ పుస్తకాలను తెలుగు చేశారు. గట్టి అట్టా మంచి కాగితమూ ఉన్న ఆ పుస్తకాలను విశాలాంధ్ర దుకాణాలు చవగ్గా అమ్మేవి. జిల్లా పట్టణాల్లో పెరిగిన ఒక తరానికి రష్యన్ సాహిత్యం ఇంటి సాహిత్యమంత దగ్గరైంది ఇలాగే. 1991 తర్వాత ఆ దారి మూసుకుపోయింది. పాత ప్రతులు ఇప్పుడు పాత పుస్తకాల షాపుల్లోనే దొరుకుతున్నాయి.

ఢిల్లీలో జనపథ్ దగ్గర టాల్‌స్టాయ్ మార్గ్ ఉంది, ఆయన విగ్రహం ఉంది. విగ్రహాల లోటు మనకెప్పుడూ లేదు. ద్విశతజయంతికి తెలుగులో సభలు జరుగుతాయి, ప్రత్యేక సంచికలు వస్తాయి. వాటితో పాటు టాల్‌స్టాయ్ దినచర్యల నుంచి ఒక ఎంపిక, గాంధీజీతో ఆయన ఉత్తరాలు, పిల్లల కోసం ఆయన రాసిన కథలు మంచి తెలుగులో, పేదవాడు కొనగల ధరలో రావాలి. మూలం నెట్‌లో ఉచితంగా ఉంది. అనుమతికి ఎవరినీ అడగనక్కర్లేదు, ఎవరికీ రుసుము కట్టనక్కర్లేదు. తెలుగు ప్రచురణకర్తలు, విశ్వవిద్యాలయాలు, అనువాదకులు ఇప్పుడే పని మొదలుపెడితే 2028 సెప్టెంబరు 9కి పుస్తకాలు చేతికొస్తాయి.